మాటకు మాట చెప్పు యంత్రము

సెల్‌ఫోను చేతనున్న ప్రతివారికిని దినమునకు ఎన్నో సందేశములు వచ్చుచుండును. ఖాతాలో సొమ్ము జమ అయినదని బ్యాంకు తెలుపును. గ్యాసు సిలిండరు బయలుదేరినదని ఏజెన్సీ తెలుపును. రైలు ఆలస్యముగా నడచుచున్నదని రైల్వేశాఖ తెలుపును. ఈ సందేశములను ఏ గుమాస్తాయు కూర్చుండి వ్రాయుట లేదు. యంత్రమే వ్రాసి యంత్రమే పంపుచున్నది. దీనికి మనము అలవాటు పడితిమి. కాని కొన్ని సంవత్సరములుగా ఇట్టి సందేశముల క్రింద ఒక చిన్న గడి వచ్చి చేరినది. అందులో మనము ప్రశ్న వ్రాసినచో బదులు వచ్చును. ఆ బదులు చెప్పునదియు యంత్రమే. దీనికి చాట్‌బాట్ అని పేరు.

వార్త తెలుపు యంత్రమునకును బదులు చెప్పు యంత్రమునకును పైకి చూచిన భేదము స్వల్పము. లోతుగా చూచిన చాల పెద్దది. ఈ భేదమును మొదటి దినములలోనే గుర్తించి, దానిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసినవాడు జోసెఫ్ వైజెన్‌బామ్. ఆయన దూరమున నిలిచి యంత్రములను దూషించినవాడు కాడు. మాటకు మాట చెప్పు ప్రోగ్రాములలో లోకప్రసిద్ధి గాంచిన మొదటిదానిని స్వయముగా వ్రాసినవాడు. ఆ ప్రోగ్రాము పేరు ఎలైజా. 1976లో వెలువడిన గ్రంథము పేరు ‘కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్’. కంప్యూటరు శక్తి, మానవుని వివేకము అని దాని భావము. ఎలైజా ఎట్లు పనిచేసెనో, ఆ గ్రంథము చెప్పిన దానిలో నేటికి నిలిచినదేదో, నిలువనిదేదో ఈ వ్యాసములో పరిశీలింతము.

వార్త తెలుపుట

సందేశము దానంతటదే పోవునట్లు చేయుట కష్టమైన పని కాదు. దానికి నాలుగు అంగములు చాలును. మొదటిది సంఘటన: ఖాతాలో సొమ్ము జమ పడినది. రెండవది నియమము: జమ పడినప్పుడెల్ల ఖాతాదారునకు తెలుపవలెను. మూడవది ఖాళీలుగల వాక్యము: ఏ ఖాతాలో, ఎంత, ఏ తేదీన అను చోట్ల ఖాళీలు విడిచి ముందే వ్రాసి ఉంచినది. నాలుగవది చిరునామా: ఖాతాదారుని ఫోను నంబరు. సంఘటన జరిగిన వెంటనే ప్రోగ్రాము ఖాళీలను పూరించి వాక్యమును పంపును. పూర్వము తాలూకా కచేరీలో గుమాస్తా అచ్చు నోటీసు తీసి, పేరును తేదీని సిరాతో పూరించి, బంట్రోతు చేత పంపిన పనియే ఇది. వేగము పెరిగినది, గుమాస్తా తగ్గినాడు.

ఇట్టి సందేశములో తప్పు దొర్లినచో దానిని వెదకి పట్టుకొనవచ్చును. తప్పు లెక్కలో ఉండవలెను, లేక నియమములో, వాక్యములో, చిరునామాలో ఉండవలెను. సందేశములు మితిమీరినచో విసుగు పుట్టుట, పదింటి నడుమ అవసరమైన ఒకటి మరుగున పడుట అను దోషములు వీనికి ఉన్నవి. మోసగాండ్రు బ్యాంకు వాక్యములను అనుకరించి పంపు ప్రమాదమును కలదు. అయినను ఈ యంత్రము తాను వినుచున్నానని చెప్పుకొనదు. తెలియజేసి ఊరకుండును. బదులు చెప్పు యంత్రము సంగతి అట్టిది కాదు. మనము అడిగినదానికి బదులు వచ్చినప్పుడు, మన మాట ఎవరో విన్నారని, అర్థము చేసికొన్నారని మనస్సు తనంతట తానే అనుకొనును. వైజెన్‌బామ్ చూపినది ఈ సంగతినే.

ఎలైజా నిర్మాణము

వైజెన్‌బామ్ 1923లో బెర్లిన్ నగరమున యూదు కుటుంబములో జన్మించెను. నాజీల పాలనలో ఆ కుటుంబము 1936లో అమెరికాకు తరలిపోయెను. ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచు, 1964–66 మధ్య ఎలైజాను రచించెను. దాని వివరణ 1966 జనవరిలో ఒక కంప్యూటరు శాస్త్రపత్రికలో వెలువడెను. బెర్నార్డ్ షా రచించిన ‘పిగ్మేలియన్’ నాటకములో పూలమ్ముకొను పిల్ల ఒకతె భాషాశాస్త్రజ్ఞుని శిక్షణచేత గొప్పవారివలె మాటలాడ నేర్చుకొనును. ఆమె పేరే ఈ ప్రోగ్రామునకు పెట్టబడినది. ఐబీఎం 7094 అను పెద్ద కంప్యూటరు మీద ఇది నడచెను. మనిషి టైపు యంత్రము వంటి సాధనముపై వాక్యము కొట్టగా, దానిమీదనే బదులు అచ్చయి వచ్చెడిది.

దీని పద్ధతి ఇది. వాక్యము రాగానే ప్రోగ్రాము అందులో తన పట్టికలోని కీలకపదములు ఉన్నవేమో వెదకును. ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క స్థాయి ఉండును; రెండు మూడు పదములు దొరికినచో పై స్థాయి గలదానిని తీసికొనును. ఆ పదమునకు చెందిన అచ్చులో వాక్యమును ముక్కలుగా విడగొట్టును. ‘నేను’ అన్నచోట ‘మీరు’, ‘నా’ అన్నచోట ‘మీ’ అని మార్చును. ఆ ముక్కలను మరియొక అచ్చులో పోసి ప్రశ్నగా తిరిగి పంపును. ఏ కీలకపదమును దొరకనిచో ‘ఇంకా చెప్పండి’ వంటి మాట ఒకటి అనును. లేదా ముందు చెప్పిన సంగతి ఏదైన దాచిపెట్టుకొని ఉన్నచో దానిని పైకి తీసి అడుగును. దీనిలో తెలివి అనదగినది ఏదియు లేదు. సంఘటన, నియమము, ఖాళీలుగల వాక్యము అను పైన చెప్పిన అంగములే ఇక్కడను ఉన్నవి. మన వాక్యమే సంఘటన. మన మాటలే ఖాళీలను పూరించుచున్నవి.

వైజెన్‌బామ్ చేసిన తెలివైన పని మరియొకటి కలదు. యంత్రమునకు ఆయన మానసిక వైద్యుని వేషము వేసెను. అమెరికాలో కార్ల్ రోజర్స్ అను మనస్తత్త్వవేత్త ప్రచారము చేసిన పద్ధతిలో వైద్యుడు సలహా ఇయ్యక, రోగి మాటనే అతనికి తిరిగి వినిపించి మాటలాడించును. అట్టి వైద్యునకు లోకజ్ఞానము ఉన్నట్లు చూపవలసిన అవసరము లేదు. నిన్న కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లితినని మీరు ఒక స్నేహితునితో అన్నప్పుడు, అతడు “తిరునాళ్లంటే ఏమిటో చెప్పండి” అన్నచో, వీనికేమియు తెలియదని అనుకొందురు. అదే మాట వైద్యుడు అన్నచో, ఇందులో ఏదో ఆంతర్యము ఉన్నదని అనుకొందురు. ఆ ఆంతర్యమును కల్పించినది వినువాడు కాదు, చెప్పువాడు. ఎలైజా అజ్ఞానమును మనుష్యుని మర్యాద కప్పిపుచ్చినది.

ఎలైజా తెలుగులో మాటలాడవలెనన్న

ఈ పద్ధతిలోని బలమును బలహీనతను తెలిసికొనుటకు మంచి మార్గము ఎలైజాను మన భాషలో నిర్మించి చూచుట. దీనికి కంప్యూటరు అక్కరలేదు. అట్టముక్కల మీద నియమములు వ్రాసి, తరగతిలో ఒక విద్యార్థిని తెర వెనుక కూర్చుండబెట్టి, ఆ నియమములను తప్ప మరి దేనిని అనుసరింపవద్దని చెప్పవలెను. మరియొక విద్యార్థి కాగితముల మీద వాక్యములు వ్రాసి తెర వెనుకకు పంపవలెను.

“నాకు లెక్కలంటే భయం” అని కాగితము వచ్చినది అనుకొందము. ‘భయం’ కీలకపదము. ‘నాకు’ అన్నది ‘మీకు’ అగును. “మీకు లెక్కలంటే భయం ఎప్పటినుంచి?” అని బదులు పోవును. చక్కగానే ఉన్నది. తరువాత “నేను పరీక్ష తప్పుతాను” అని వచ్చినది. ‘నేను’ను ‘మీరు’గా మార్చినంత మాత్రమున చాలదు. ఇంగ్లీషులో సర్వనామమును మార్చిన పని చాలవరకు తీరును. తెలుగులో క్రియ చివర కూడ మారవలెను. కనుక ‘ను’ చివరనున్నచో ‘రు’ చేయుమని మరియొక అట్టముక్క వ్రాయుదము. “మీరు పరీక్ష తప్పుతారని ఎందుకు అనుకుంటున్నారు?” అని బదులు పోవును. ఇదియు బాగున్నది.

ఇంతలో “మా అన్నను అడిగాను” అని వచ్చును. ‘అన్నను’ అను పదము చివరను ‘ను’ ఉన్నది. నియమమును గ్రుడ్డిగా అనుసరించినచో “మీ అన్నరు అడిగారు” అగును. తరగతి అంతయు నవ్వును. సరే, వాక్యములోని చివరి పదమునకే ఈ మార్పు అని నియమమును సవరింతము. వెంటనే ఒక చురుకైన విద్యార్థి “అడిగాను మా అన్నను” అని వ్రాయును. తెలుగులో ఇదియు సరియైన వాక్యమే. మరల “మీ అన్నరు” వచ్చును. ఇంకొకడు ‘నేను’ అను మాటయే లేక “తప్పుతాను” అని ఊరకుండును. ‘నేను’ కొరకు వెదకు అట్టముక్క పని చేయదు. ఎదుటివారిని ‘నువ్వు’ అనవలెనా ‘మీరు’ అనవలెనా అను ప్రశ్న మరియొకటి. మాస్టారును ‘నువ్వు’ అన్న తప్పు. చిన్నపిల్లవానిని ‘మీరు’ అన్న వింత. ఇంగ్లీషు ఎలైజాకు ఈ చిక్కు లేదు.

అన్నిటికంటె ఆలోచింపదగినది ‘మన’ అను మాట. “మన మాటలు ఎవరికీ చెప్పవద్దు” అని ఒకరు వ్రాసినారు అనుకొందము. ‘మా’ను ‘మీ’గా మార్చినట్లు ‘మన’ను ‘మీ’గా మార్చరాదు. ‘మా’ అన్నప్పుడు వినువాడు బయట ఉన్నాడు. ‘మన’ అన్నప్పుడు వినువాడును లోపలనే ఉన్నాడు. ఇంగ్లీషులో ఈ రెంటికిని ఒకే మాట. తెలుగువాడు యంత్రముతో ‘మన’ అన్నాడనగా, ఆ యంత్రమును అతడు అప్పటికే ఒక మనిషిగా లెక్కించినాడని అర్థము. యంత్రము చేయగలిగినది చేయలేనిది అటుంచి, మనిషి ఎంత త్వరగా లొంగిపోవునో ఈ ఒక్క మాట చెప్పును.

ఆట ముగిసిన పిమ్మట, తెర వెనుక కూర్చున్న విద్యార్థి తెలుగు రానివాడైనను అట్టముక్కలతో ఇట్లే బదులు చెప్పగలిగెడివాడా అని తరగతిని అడుగవచ్చును. 1980లో జాన్ సర్ల్ అను అమెరికా తత్త్వవేత్త ‘చైనా భాష గది’ అను పేర ఇట్టి ప్రశ్ననే వేసెను. దాని మీద వాదములు నేటికిని ముగియలేదు.

వైజెన్‌బామ్ చూచినది

1966 నాటి వ్యాసములో వైజెన్‌బామ్‌నకు ఒక ధైర్యము ఉండెను. ప్రోగ్రాము లోపలి పనిని విప్పి చెప్పినచో దాని మాయ విడిపోవునని ఆయన తలచెను. ఆ వ్యాసమును వ్రాయుటకు అదియు ఒక కారణమని ఆరంభములోనే చెప్పెను. పది సంవత్సరముల తరువాత వ్రాసిన గ్రంథములో ఆ ధైర్యము కనబడదు. ఈ మార్పునకు కారణములను ఆయనయే చెప్పినాడు.

ఆయన కార్యదర్శి నెలల తరబడి ఆ ప్రోగ్రాము తయారగుట చూచినది. అది ప్రోగ్రాము మాత్రమేనని ఆమెకు తెలియును. అయినను దానితో నాలుగు మాటలు మాటలాడిన పిమ్మట, ఆయనను గది విడిచి వెళ్లుమని కోరినది. మరియొకసారి, రాత్రియంతయు ఎలైజాతో జరుగు సంభాషణలను భద్రపరచి చూచెదనని ఆయన అనగా, అది తమ మనస్సులోని రహస్యములను దొంగచాటుగా చూచుట అగునని అక్కడివారు ఆక్షేపించినారు. యంత్రముతో వారు అంత అంతరంగికముగా మాటలాడుచున్నారన్నమాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములోని కెన్నెత్ కోల్బీ మొదలగు వైద్యులు మరియొక అడుగు ముందుకు వేసి, వైద్యులు చాలని ఆసుపత్రులలో ఇట్టి ప్రోగ్రాములు గంటకు వందలకొలది రోగులతో మాటలాడవచ్చునని 1966లోనే వ్రాసినారు. ఈ చివరిది వైజెన్‌బామ్‌ను ఎక్కువగా కలవరపెట్టినది. రోగి మాట వినుట అను పనియే లేని యంత్రము వైద్యుడు ఎట్లగునని ఆయన ప్రశ్న.

గ్రంథములోని ముఖ్యవాదము ఇది. లెక్కించి తేల్చుట వేరు, మంచిచెడ్డలు చూచి ఎంచుకొనుట వేరు. మొదటిదానిని యంత్రమునకు ఇయ్యవచ్చును. రెండవది మనుష్యుని అనుభవమునుండి, కష్టసుఖములనుండి పుట్టును. కనుక కంప్యూటరు చేయగలదా అను ప్రశ్నతో ఆగక, చేయగలిగినను దాని చేత చేయింపవచ్చునా అను ప్రశ్న కూడ వేయవలెను. కంప్యూటరుశాస్త్రమున పేరుగన్న ఆచార్యుడు, తాను నిర్మించిన వస్తువునే ఎదుట పెట్టుకొని ఇట్లు ప్రశ్నించుట నాటికి అరుదు. ఈ గ్రంథమునకు గల గౌరవములో సగము ఈ నిజాయితీకే చెందవలెను.

గ్రంథములోని లోపములు

అంతమాత్రమున దీనిని తప్పులేనిదిగా తలపరాదు. దీనిలో మూడు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, వైజెన్‌బామ్ కొన్ని పరిశోధనల ఫలితమును తొందరపడి తేల్చివేసెను. మనుష్యుల మాటను విని గ్రహించు యంత్రముల మీద నాడు ధనము వెచ్చించుట ఎందులకని ఆయన ప్రశ్నించెను. ప్రభుత్వములు సంభాషణలను చాటుగా వినుటకు తప్ప అవి పెద్దగా ఉపయోగపడవని అనుమానించెను. చాటుగా వినుటను గూర్చిన భయము అకారణము కాదు. కాని మాటను అక్షరముగా మార్చు సాధనము నేడు చూపులేనివారికిని, చేతులు స్వాధీనములో లేనివారికిని, చదువురానివారికిని ఎంత ఉపకారము చేయుచున్నదో మనము చూచుచున్నాము. ఒక సాధనము ఎవరి చేతికి పోవునో ప్రయోగశాలలో కూర్చుండి పూర్తిగా ఊహించుట ఎవరికిని సాధ్యము కాదు.

రెండవది, చేయింపరాని పనులు ఏవో గుర్తించుటకు స్పష్టమైన కొలమానము ఆయన ఇయ్యలేదు. అసహ్యము కలిగించునవి కొన్ని, సరిదిద్దలేని ఫలితములు గలవి కొన్ని అని చెప్పినాడు. ఎవరికి అసహ్యము? ఒకరికి అసహ్యమైనది మరియొకరికి ఉపాయముగా తోచును. కృత్రిమమేధ అను శాస్త్రమునకు ఇంగ్లీషులో పేరు పెట్టిన జాన్ మెకార్తీ 1976లోనే ఈ గ్రంథమును తీవ్రముగా విమర్శించెను. నీతిబోధ ఎక్కువై ప్రమాణము తక్కువైనదని ఆయన ఆక్షేపణలోని సారము. ఆ విమర్శలో కోపము పాలు కొంత ఉన్నను, ఈ విషయమున ఆయన పక్షమే బలముగా ఉన్నది.

మూడవది, వైద్యుడే లేనిచోట ఏమి చేయవలెనన్న కోల్బీ ప్రశ్నకు గ్రంథములో తృప్తికరమైన సమాధానము లేదు. వినువారు ఎవరును లేని మనిషికి, యంత్రము వినదని చెప్పి ఊరకుండుట కఠినముగా తోచును. దీనికి సమాధానము గ్రంథముకంటె తరువాతి అనుభవము బాగుగా చెప్పినది. అమెరికాలో తిండికి సంబంధించిన మానసిక వ్యాధులతో బాధపడువారికొరకు పనిచేయు నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ 2023లో తన టెలిఫోను సహాయకేంద్రమును మూసివేయ నిశ్చయించెను. ఆ సంస్థకు అప్పటికే టెస్సా అను చాట్‌బాట్ ఉండెను. అది అట్టి రోగులకే బరువు తగ్గుటను గూర్చియు, కాలరీల లెక్కను గూర్చియు సలహాలు ఇచ్చుచున్నదని ఫిర్యాదు రాగా, 2023 మే నెల చివర దానిని తొలగింపవలసి వచ్చెను. మనిషి లేని లోటును యంత్రము తీర్చుననుకొనిరి. ఆ ఆశతో ఉన్న మనుష్యులనుకూడ తీసివేయుట జరిగెను. వైజెన్‌బామ్ భయము వాదముగా అస్పష్టమైనను, సూచనగా నిజమైనది.

నేటి యంత్రములు

నేటి చాట్‌బాట్‌లను ఎలైజాతో పోల్చి తీసివేయుటయు తప్పే. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణముపై ఆధారపడినవి, 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీ వంటివి, అట్టముక్కల పద్ధతిని అనుసరింపవు. అపారమైన వ్రాతనుండి ఏ మాట తరువాత ఏ మాట రాదగునో అను సంబంధములను అవి నేర్చుకొన్నవి. అందులో భాషతోపాటు లోకవిషయములు కూడ ఎన్నియో ఇమిడియున్నవి. వీనితో తెలుగులో మాటలాడినచో ‘మీ అన్నరు’ అనుట అరుదు. ‘ను’ ఎక్కడ క్రియకు చెందినదో, ఎక్కడ విభక్తియో అవి చాలవరకు సరిగా పట్టుకొనును.

ప్రమాదము ఇక్కడనే మారు రూపము ధరించినది. ఎలైజా తప్పు వ్యాకరణములోనే బయటపడెడిది. ‘అన్నరు’ అనగానే ఇది యంత్రమని నవ్వి ఊరకుందుము. నేటి యంత్రపు వాక్యము నిర్దోషముగా ఉండును. తప్పు వాక్యములో గాక విషయములో దాగియుండును. చక్కని భాషలో చెప్పినది నిజమని నమ్ముట మనకు పూర్వమునుండి ఉన్న అలవాటు. ఆ అలవాటే నేడు మనకు శత్రువగుచున్నది.

కెనడాలో జరిగిన వ్యాజ్యము ఒకటి దీనికి మంచి ఉదాహరణము. 2022 నవంబరులో ఒక ప్రయాణికుడు తన బామ్మ లేక అమ్మమ్మ మరణించినందున విమానములో పోవలసి వచ్చెను. బంధువులు మరణించినప్పుడు ఇచ్చు తగ్గింపు ధరను గూర్చి ఎయిర్ కెనడా సంస్థవారి వెబ్‌సైటులోని చాట్‌బాట్‌ను అడిగెను. టికెట్టు కొన్న పిమ్మట 90 దినములలోగా తగ్గింపునకు దరఖాస్తు చేసికొనవచ్చునని అది చెప్పెను. అట్లు వీలులేదని అదే వెబ్‌సైటులో మరియొక పుటలో ఉన్నది. సంస్థ తగ్గింపు ఇయ్యకపోగా అతడు బ్రిటిష్ కొలంబియాలోని చిన్న వ్యాజ్యముల న్యాయపీఠమునకు వెళ్లెను. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహింపవలసిన వేరొక వ్యక్తి వంటిదని అర్థము వచ్చునట్లు సంస్థ వాదించెను. 2024 ఫిబ్రవరిలో న్యాయపీఠము ఆ వాదమును త్రోసిపుచ్చి, పుటలోనున్నదైనను చాట్‌బాట్ చెప్పినదైనను తన వెబ్‌సైటులోని సమాచారమునకు సంస్థయే బాధ్యురాలని తీర్పు చెప్పెను. అతనికి 650 కెనడా డాలర్లకు మించిన నష్టపరిహారము ఇప్పించెను.

సొమ్ము చిన్నది, సూత్రము పెద్దది. వార్త తెలుపు యంత్రము బ్యాంకు పేర వార్త పంపినప్పుడు, ఆ వార్త బ్యాంకుదేనని అందరును ఒప్పుకొందురు. బదులు చెప్పు యంత్రము వచ్చునప్పటికి, మాట యంత్రముదైనట్లును, యజమాని ఎక్కడను లేనట్లును నటించుటకు అవకాశము కలిగినది. మనిషివలె మాటలాడించినవారే, నష్టము వచ్చినప్పుడు అది నిజముగానే వేరొక మనిషి అనిరి. ఎలైజాతో మోసపోయిన కార్యదర్శి మోసము అమాయకమైనది. ఈ మోసము అట్టిది కాదు.

మన రాష్ట్రములలోను ఈ సాధనములు ప్రవేశించినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా పౌరసేవలను అందించు ఏర్పాటును మొదట 161 సేవలతో ప్రారంభించెను. ధ్రువపత్రములు, బిల్లుల చెల్లింపు, ఫిర్యాదుల నమోదు వంటివి అందులో ఉన్నవి. 2025లో ఇంటర్మీడియెట్, పదవ తరగతి పరీక్షల ఫలితములుకూడ దీని ద్వారా అందినవి. కచేరీ చుట్టు తిరుగు శ్రమ తగ్గుట నిజమైన మేలు. ఇట్టి పనిలో అడుగువానికి కావలసినది ఒక కాగితమో ఒక అంకెయో. దానిని అధికారుల లెక్కతో సరిచూడవచ్చును. యంత్రము చేయదగిన పనికి ఇది మంచి ఉదాహరణము. దీని పేరు ‘మన మిత్ర’. పేరు తీయగా ఉన్నది. కాని పైన ‘మన’ను గూర్చి చెప్పిన మాట ఇక్కడ గుర్తుకు తెచ్చుకొనుట మంచిది. పౌరునకు కావలసినది మిత్రునికంటె ముందు, తప్పు వచ్చినప్పుడు జవాబు చెప్పు అధికారి. మిత్రుని వెనుక ఆ అధికారి పేరు, అతనిని చేరు దారి స్పష్టముగా ఉన్నంతవరకు ఆ తీయదనము వలన హాని లేదు.

విప్పి చెప్పినంత మాత్రమున చాలునా?

శాస్త్రమును జనసామాన్యమునకు అందించువారికి ఒక విశ్వాసము ఉండును. యంత్రము లోపల ఏమున్నదో విప్పి చూపినచో భ్రమ తొలగునని ఆ విశ్వాసము. వైజెన్‌బామ్ 1966లో నమ్మినదియు ఇదియే. ఎలైజాను అట్టముక్కలతో ఆడించిన తరగతిలో కొంతవరకు ఇది నిజమగును. కాని కార్యదర్శికి ప్రోగ్రాము సంగతి తెలియకపోలేదు. తెలిసినను ఆమె లొంగినది. తెలివి భ్రమను తగ్గించునేగాని పూర్తిగా తొలగింపదని ఆయన గ్రంథము నేర్పుచున్నది. కనుక తెలివితోపాటు కట్టుబాటు కూడ కావలెను.

వైజెన్‌బామ్ ఇయ్యని కొలమానమును మనము మూడు ప్రశ్నలుగా తయారుచేసికొనవచ్చును. ఈ బదులు సరియైనదో కాదో అడిగినవాడు వేరొకచోట సరిచూచుకొనగలడా? బదులు తప్పైనచో కలుగు నష్టమును సరిదిద్దవచ్చునా? సరిదిద్దుటకు పేరుగల మనిషి ఎవరైన ఉన్నారా? రైలు వేళలు, పరీక్షాఫలితములు, బిల్లు మొత్తము అడిగినప్పుడు మూడింటికిని అవునని చెప్పవచ్చును. అక్కడ యంత్రము నిశ్చింతగా పనిచేయవచ్చును. మనస్సు కుంగిన పిల్లవాడు అర్ధరాత్రి తన బాధను చెప్పుకొనునప్పుడు మూడింటికిని కాదనియే చెప్పవలసి వచ్చును. అక్కడ యంత్రము చేయదగిన ఉత్తమమైన పని, ఆ పిల్లవానిని వెంటనే ఒక మనిషి వద్దకు చేర్చుట. ఈ రెంటి నడుమ ఉన్న పనులను గూర్చి వాదములు ఉండవచ్చును, ఉండవలెను.

పాఠశాలలకు ఇది దూరపు సంగతి కాదు. విద్యార్థులు నేడు పాఠ్యప్రశ్నలకు బదులును యంత్రము నుండి పొందుచున్నారు. బదులు తప్పా ఒప్పా అని పుస్తకముతో సరిచూచు అలవాటు చేయించుట ఉపాధ్యాయుని పని. అంతకంటె ముఖ్యమైన పని మరియొకటి కలదు. మాస్టారును అడుగుటకు సిగ్గుపడి, తోటివారు నవ్వుదురని భయపడి పిల్లవాడు యంత్రమును అడుగును. యంత్రము విసుగుకొనదు, నవ్వదు. ఆ ఓర్పు దాని గుణము కాదు. విసుగుకొనుటకు కావలసిన మనస్సు దానికి ఉన్నదని ఎవరును చూపలేదు. కాని పిల్లవానికి ఆ ఓర్పు అవసరమైనదన్న మాట నిజము. తరగతిలో అది దొరకనందుననే అతడు దానికొరకు యంత్రమును ఆశ్రయించినాడు. యంత్రమును నిందించుటకు ముందు ఈ సంగతిని మనము ఆలోచింపవలెను.

ఎలైజా అసలు ప్రోగ్రాము కాగితములు చాలకాలము కనబడలేదు. 2021లో అవి వైజెన్‌బామ్ పనిచేసిన విద్యాసంస్థలోని పాత దస్త్రములలో దొరికినవి. 2024 చివర పరిశోధకులు పాత కంప్యూటరు వ్యవస్థను నేటి యంత్రముల మీద తిరిగి కల్పించి, దానిపై ఎలైజాను మరల నడిపించినారు. వైజెన్‌బామ్ 2008లోనే మరణించెను. ఆయన గ్రంథములో వాదము కొన్నిచోట్ల సడలినది, కొన్నిచోట్ల కాలము దానిని కాదన్నది. చేయగలదా అను ప్రశ్న తరువాత చేయింపవచ్చునా అను ప్రశ్న వేయవలెనన్న మాట మాత్రము సడలలేదు. ఆ రెండవ ప్రశ్నను వేయుటకు కంప్యూటరుశాస్త్రము చదివియుండనక్కరలేదు. పదవ తరగతి విద్యార్థియు వేయవచ్చును.